తాళం తీసినా ఆగని అంబాసిడర్

"గేరులో వేసి బ్రేకు తొక్కి క్లచ్ వదిలేయండి సార్, అదే ఆగిపోతుంది." తాళం తీశాక కూడా మా అంబాసిడర్ ఇంజను కొట్టుకుంటోందని చెప్తే ముగ్గురు మెకానిక్కులు ఇచ్చిన సలహా ఇదే. ఇల్లు కారుతోందంటే కింద బిందె పెట్టుకోమన్నట్టు! ఆగుతుంది, నిజమే. అసలు ఎందుకు ఆగడం లేదో చెప్పండయ్యా అంటే మాత్రం "పాత బండి కదా సార్" అంటారు.

మాది 1984 నాటి మార్క్ 4, 1489 సీసీ పెట్రోలు ఇంజను, పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు పంపడానికి ఎస్‌యూ కంపెనీ కార్బ్యురేటర్. నాన్నగారి బండి. విజయవాడ ఎండలో ఊరు తిరిగొచ్చి తాళం తీస్తే అయిదారు సెకన్లు దగ్గి, తుమ్మి, బానెట్ ఊగిపోయేలా కొట్టుకుని అప్పుడు ఆగేది. చూసిన ప్రతివారూ కరెంటు లీకవుతోందనేవారు. మొదటి షెడ్డులో ఇగ్నిషన్ స్విచ్ మార్చారు. జబ్బు మారలేదు.

అది కరెంటు తప్పో కాదో తేల్చడానికి ఒక టెస్ట్ ల్యాంపు చాలు. తాళం తీశాక, ప్లగ్గులకు స్పార్కు పుట్టించే కాయిల్‌కు కరెంటు వచ్చే తీగ దగ్గర దీపం వెలిగితే స్విచ్చునో వైరింగునో అనుమానించాలి. వెలగకపోయినా ఇంజను నడుస్తోందంటే స్పార్కు లేకుండానే లోపల మంట అంటుకుంటోందన్నమాట. చెవికి కూడా తేడా తెలుస్తుంది. స్పార్కు అందుతున్న ఇంజను మామూలుగా తిరుగుతుంది, ఇలా తడబడదు. మా కాయిల్ దగ్గర దీపం వెలగలేదు. ఈ రెండు నిమిషాల పని స్విచ్ మార్చకముందు ఎవరూ చేయలేదు, అదీ నా కోపం.

ఈ బళ్ళలో తాళం ఆపేది స్పార్కును మాత్రమే, పెట్రోలును కాదు. ఇంజను తిరిగినంతసేపూ కార్బ్యురేటర్ నుంచి పీల్చుకుంటూనే ఉంటుంది. లోపల ఎర్రగా కాలిన మసి పెళ్ళో ప్లగ్గు మొనో ఉంటే అగ్గిపుల్ల పని అదే చేస్తుంది. కార్బ్యురేటర్ లేని ఇంజెక్షన్ కార్లలో తాళం తీయగానే పెట్రోలూ ఆగిపోతుంది కాబట్టి కుర్ర మెకానిక్కులకు ఈ జబ్బు తెలియకపోవడం తప్పు కాదు. తెలియదని ఒప్పుకోకపోవడమే తప్పు. ఒక్కోసారి ఆగేముందు ఇంజను వెనక్కి కూడా తిరుగుతుంది. అప్పుడు ఆయిల్ పంపు పనిచేయదు. "కాసేపు కొట్టుకుంటే ఏమవుతుంది" అనేవారు ఇది గుర్తుంచుకోవాలి.

రెండో షెడ్డులో హెడ్, అంటే ఇంజను పైభాగం, దించి మసి గీకాలన్నారు. అంచనా కాగితం కూడా రాసిచ్చారు. మసి ఉండవచ్చు, కాదనను. కానీ ఆ పనికి ముందు చూడవలసింది ఐడ్లింగ్, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజను తిరిగే వేగం. మాది తాళం తీసే సమయానికి నిమిషానికి వెయ్యి చుట్లకు పైనే తిరుగుతోంది. కార్బ్యురేటర్‌లోని థ్రాటిల్ తలుపు అంత తెరుచుకుని ఉంటే ఇంజనుకు గాలీ పెట్రోలూ పుష్కలంగా దొరుకుతాయి, ఇక ఎందుకు ఆగుతుంది? స్క్రూ తిప్పి తగ్గిస్తే వణికి ఆగిపోయేది. ఎవరో ఆ వణుకు కప్పిపుచ్చడానికే స్క్రూ బిగించి వదిలేశారు!

ఆ వణుకు వెనక ఉన్నది చిరిగిన మానిఫోల్డ్ గాస్కెట్, అంటే కార్బ్యురేటర్ నుంచి ఇంజనులోకి వెళ్ళే గొట్టం అతుకులో గాలి చొరకుండా వేసే పొర. ఇంజను నడుస్తుండగా అతుకు మీద కాసిని నీళ్ళు చల్లితే చప్పుడు మారింది. అక్కడ గాలి లోపలికి పోతోంది, మిశ్రమం పలచబడుతోంది, ఇంజను మరీ వేడెక్కుతోంది. గాస్కెట్ వేశాక జెట్ నట్టు తిప్పి మిశ్రమం సరిచేశాను. ఎస్‌యూలో కార్బ్యురేటర్ లోపలే ఉండే పిస్టన్‌ను మిల్లీమీటరంత ఎత్తి చూడాలి. వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, వెంటనే ఆగిపోతే తక్కువ, కాస్త పెరిగి మళ్ళీ సర్దుకుంటే సరి. ఇంత సొగసైన పరీక్ష కొత్త కార్లలో లేదని నా పక్షపాతం.

ప్లగ్గులు విప్పితే ఇంకో తమాషా. ఎన్‌జీకే కంపెనీ బీపీ6ఈఎస్ ఉండవలసిన చోట బీపీ5ఈఎస్ ఉన్నాయి. తప్పు నాదే, దుకాణంలో "రెండూ ఒకటే" అంటే నమ్మాను. ఎన్‌జీకేలో అంకె తగ్గితే ప్లగ్గు మొన ఇంకా వేడిగా ఉంటుంది. బాష్‌లో ఇప్పటి అంకెలు దీనికి సరిగ్గా తలకిందులు. అంకె చూసి పోల్చుకోబోయి తెలిసినవారు కూడా బోల్తా పడతారు.

ఇక అన్నిటికీ ఇథనాల్‌నే తిట్టేవారికి ఒక మాట. ఇరవై శాతం కలిపిన పెట్రోలుతో పాత కార్బ్యురేటర్‌లో మిశ్రమం పలచబడుతుంది, అది నిజం. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది కదా. పాత రబ్బరు గొట్టాల సంగతి వేరే బాధ, నావి ఈ నెలలో మార్చాలి. కానీ ఇథనాల్ ఆక్టేన్‌ను, అంటే పెట్రోలు తనంతట తాను అంటుకోకుండా నిలిచే గుణాన్ని, పెంచుతుంది, తగ్గించదు. చిరిగిన గాస్కెట్ నేరాన్ని దాని మీదకు నెట్టకండి.

ఇప్పుడు ఐడ్లింగ్ ఏడువందల దగ్గర నిలకడగా ఉంది. మిట్టమధ్యాహ్నం బెంజ్ సర్కిల్ రద్దీలో అరగంట నిలబడి వచ్చి తాళం తీసినా మరో చప్పుడు లేదు. హెడ్ దించలేదు. అంచనా కాగితం డాష్‌బోర్డు అరలోనే ఉంది. దాని పక్కనే, ఏ లోపమూ లేని పాత ఇగ్నిషన్ స్విచ్ ఒకటి ఉంది. మార్క్ 4 ఉన్నవారు ఎవరికైనా కావాలంటే చెప్పండి, ఊరికే ఇస్తాను.