నలుగురి బోరు, ఒక్కడి జేబు

నీళ్ళలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి తీసేసే పద్ధతి ఒకటుంది. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ళు తయారుచేసింది, దాని పేరు 'నల్గొండ టెక్నిక్'. మా ఊరి పేరు సైన్సు పుస్తకాలకెక్కినందుకు నవ్వాలో ఏడవాలో తెలియదు గానీ, పక్కింటాయన జేబులోంచి మూడు వేలు తీసే టెక్నిక్ మాత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. కనిపెడితే దానికీ నల్లగొండ పేరే పెట్టాలి, ప్రయోగాలన్నీ మా గల్లీలోనే జరిగాయి కాబట్టి.

దేవరకొండ రోడ్డు పక్కన మావి నాలుగిళ్ళు, నాలుగింటికీ కలిపి ఒకటే బోరు. మా నాన్నల కాలంలో తలా కొంత వేసుకుని వేయించారు. కాగితం లేదు, సంతకం లేదు, అంతా నోటిమాట, ఆ మాట ఇచ్చిన వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు లేనే లేరు. 400 ఫీట్ల బోరు, అడుగున మోటరు, స్టార్టరు డబ్బా మాత్రం పక్కింటి లెక్కల సారు వాళ్ళ కాంపౌండు గోడకు. తాగడానికి మిషన్ భగీరథ నల్లా ఉంది గానీ బట్టలకు, బాసన్లకు, బాత్‌రూముకు, చెట్లకు బోరే గతి. అది ఏప్రిల్ ఆఖర్లో, ఎండ 43 దాటిన రోజు చూసుకుని ఆగిపోయింది. శ్రావణమాసంలో చెడిపోయిన బోరు మోటరు ఒక్కటి చూపించండి నాకు.

మెకానిక్ వచ్చి చెక్ చేసి, "వైండింగ్ కాలిందన్నా, బయటికి గుంజాలె" అన్నాడు. గుంజడం, వైండింగ్ చేయించడం, మళ్ళీ దించడం, కొత్త కేబుల్, అన్నీ కలిపి 12 వేలు. నాలుగిళ్ళకు ఇంటికి మూడు వేలు. నాలుగో తరగతి పిల్లలు చేసే లెక్క ఇది.

అందుకే ముందు లెక్కల సారు దగ్గరికే పోయాను. రిటైరై చాలా ఏళ్ళయింది, వాకిట్లో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నారు. సంగతి చెప్తే కళ్ళద్దాల పైనుంచి చూసి, "బోరు నీళ్ళా? మేం ముట్టం నాయనా. ఫ్లోరైడ్ ఉంటది" అన్నారు. ఆయన వెనకాల జామచెట్టు, మల్లెపందిరి, వరసగా కనకాంబరాల కుండీలు, రెండు రోజులుగా నీళ్ళు లేక తలలు వేలాడేసి ఉన్నాయి. మరి ఇవి ఏ నీళ్ళు తాగుతాయి సార్ అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. ఎనిమిదో తరగతిలో నాకు లెక్కలు చెప్పిన మనిషి, ఆ బెత్తం దెబ్బలు అరచేతికి ఇంకా గుర్తున్నాయి, ఊరుకున్నాను.

కిరాణం అంకుల్ ఖర్చుకు ఒప్పుకున్నాడు, లెక్కకు ఒప్పుకోలేదు. "ఇంటికింత అంటే ఎట్లా? తలకింత వెయ్యి. మేం ఇద్దరం, మీరు ఆరుగురు" అన్నాడు. మరి పొద్దునా సాయంత్రం షాపు ముందర పైపు పెట్టి చల్లే నీళ్ళ సంగతేంది అంకుల్ అంటే, "అది దుమ్ము లేవకుండ మీ అందరి కోసం చల్లుతున్న, దానికి మీరే నాకియ్యాలె" అన్నాడు. వచ్చిన వాడిని బాకీదారుణ్ణి చేసి పంపే విద్య వ్యాపారస్తులకే వస్తుంది. మాట పెరిగేసరికి, "అసలు ఈ లొల్లి ఎందుకు, నా బోరు నేనే వేసుకుంట" అన్నాడు. నీళ్ళు, భూమి, చెట్ల రక్షణకు 2002 నాటి వాల్టా చట్టం ఉంది, కొత్త బోరుకు అనుమతి కావాలి అని నేను చెబితే వినలేదు. బోరు బండివాడు ఫీటుకు రేటు చెప్పాక మాత్రం ఉమ్మడి ఆస్తి మీద ఆయనకు మళ్ళీ ప్రేమ పుట్టింది.

నాలుగో ఇంటి ఓనరు హైదరాబాద్‌లో ఉంటాడు. కిరాయికున్నాయన, "మోటర్ ఓనర్ సార్ ఆస్తి, ఆయన్నే అడగండ్రి" అంటాడు. ఓనరు, "నీళ్ళు వాడుకునేది వాళ్ళు కదా తమ్మీ, వాళ్ళనడుగు" అంటాడు. ఇట్లయితే తెమలదని ఇద్దరినీ కాన్ఫరెన్స్ కాల్‌లో కలిపాను. కలవగానే నన్ను పక్కన పెట్టి కిరాయి పెంచే సంగతి మీద కొట్లాడుకున్నారు. రాత్రికి ఓనరు ఫోన్‌పే చేశాడు. ఒక్క రూపాయి. నంబరు కరెక్టేనా చూద్దామని పంపాడట. కరెక్టే అన్నా అని మెసేజ్ పెట్టాను. నీలం టిక్కులు కూడా పడ్డాయి.

ఇంట్లో మా ఆవిడ ఖాళీ బిందెలను మోగించే తీరు చూసి, వసూలు సంగతి తర్వాత అనుకుని నా డబ్బులతోనే మెకానిక్‌ను పిలిచాను.

మూడు కాళ్ళ స్టాండు, చైన్ పుల్లీ దిగేసరికి గల్లీ అంతా వచ్చేసింది. బోరు నీళ్ళు ముట్టని సారు కుర్చీతో సహా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. క్లాంపు బిగించమని ఒకరు, వదులు చేయమని ఒకరు, మా ఊళ్ళో అయితే ట్రాక్టరుతో గుంజుతరని ఇంకొకరు. మెకానిక్ కుర్రాడు పానా కింద పెట్టి, చెమట తుడుచుకుని, "సరే గానీ, పైసలు ఎవరిస్తరు?" అన్నాడు. మనుషులు అంత నిశ్శబ్దంగా, అంత వేగంగా మాయమవడం నేను ఇంతకు ముందు చూడలేదు. అన్న ఇస్తున్నడు అని తెలిశాక మళ్ళీ ఒక్కొక్కరే వచ్చారు.

తెలియని వాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. కింద వాల్వ్ సరిగ్గా ఉంటే పైపుల్లో నీళ్ళు నిండా ఆగి ఉంటాయి. పైకి గుంజి జాయింటు విప్పితే 20 ఫీట్ల పైపులో ఉన్నదంతా ఒక్కసారి బయటికి దూకుతుంది. మెకానిక్ "జరగండ్రి సార్" అంటూనే ఉన్నాడు, సారు పానా ఎటు తిప్పాలో చెబుతూనే ఉన్నారు. జాయింటు ఊడింది. ముట్టను ముట్టను అన్న నీళ్ళు ఆయన్ను నెత్తి నుంచి చెప్పుల దాకా ముట్టాయి. కిరాణం ఆంటీ మాత్రం మిగతా జాయింట్లన్నింటికీ బకెట్ పట్టింది, ఆ పూటకు వాళ్ళింట్లో బట్టలు ఉతకడం అయిపోయింది.

మోటరు బయటపడ్డాక మెకానిక్ స్టార్టరు డబ్బా కూడా తెరిచాడు. ఆకుపచ్చ బటన్ లోపలికి నొక్కి ఉంది, సందులో మడతపెట్టిన అట్టముక్క. కరెంటు పోయి వచ్చినా మోటరు దానంతటదే నడవాలని ఎవరో దోపారు, వోల్టేజీ సరిగ్గా లేకున్నా నడిచీ నడిచీ కాలింది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, బోర్లు ఎండిపోతాయి, ఆటో స్టార్టర్లు పీకేయండి అని రైతులకు గట్టిగానే చెప్పారు. మా గల్లీది అట్ట స్టార్టరు, ఆ లెక్కలోకి రాలేదు.

అట్ట మడత విప్పాను. పసుపురంగు, అంచుకు బంగారు గీత, మధ్యలో 'ద్వితీయ పుత్రిక', దాని కింద సారు పేరులో సగం.

అందరం సారు వైపు చూశాం. ఆయన తడిసిన కళ్ళద్దాలు పంచెతో తుడుచుకుని, అట్ట అటూ ఇటూ తిప్పి చూసి, "400 కార్డులు పంచినం. ఈ గల్లీల అందరికీ ఇచ్చినం. ఎవరైనా పెట్టొచ్చు గదా" అన్నారు. లెక్కల సారు కదా, వెంటనే నిరూపణ మొదలైంది. "ఎవరి కార్డు వాళ్ళు తెచ్చి చూపియ్యండ్రి."

కిరాణం అంకుల్ గల్లాపెట్టె అడుగు నుంచి తన కార్డు తెచ్చాడు, వెనకాల ఉద్దెర లెక్కలు రాసి ఉన్నాయి గానీ చెక్కుచెదరలేదు. కిరాయికున్నాయన పెళ్ళయ్యాక వచ్చి చేరినవాడు, ఆయనకు మినహాయింపు. మిగిలింది మేమే. మా ఆవిడ అటకెక్కింది. పెళ్ళయినప్పటి నుంచి మాకొచ్చిన కార్డులన్నీ ఒక సంచిలో దాచిపెట్టింది, గంటసేపు వెతికితే అన్నీ దొరికాయి, సారు వాళ్ళ రెండో అమ్మాయిది తప్ప.