అలీ, టైసన్ తలపడితే: అర నిమిషం వీడియోలు చూసి తీర్పు చెప్పకండి

"ప్రైమ్‌లో ఉన్న టైసన్ ముందు అలీ మూడు రౌండ్లు కూడా నిలబడలేడు" అనే మాట ఈ మధ్య బాక్సింగ్ కబుర్లలో ఎక్కడ చూసినా కనిపిస్తోంది. అలీ అంటే 1960, 70ల హెవీవెయిట్ ఛాంపియన్ ముహమ్మద్ అలీ, టైసన్ అంటే 1980ల ఛాంపియన్ మైక్ టైసన్. ఆ మాట అంటున్న కుర్రాళ్లలో చాలామంది టైసన్‌ని అర నిమిషం వీడియోల్లో చూసినవాళ్లు. వాటిలో టైసన్ దెబ్బ తగిలిన ప్రతివాడూ పడిపోతాడు. పడిపోనివాళ్లు కూడా ఉన్నారు. ఆ ఫైట్లు చివరి రౌండ్ దాకా సాగుతాయి, చూడ్డానికి విసుగ్గా ఉంటాయి, అందుకే వాటిని ఎవరూ కత్తిరించి పెట్టరు. ఈ ప్రశ్నకు జవాబు ఆ విసుగు పుట్టించే ఫైట్లలోనే ఉంది.

ముందు ఏ అలీ, ఏ టైసన్ అనేది తేల్చుకోవాలి. నేను తీసుకునేది 1966 నవంబర్‌లో హ్యూస్టన్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ని మూడో రౌండ్లో ముగించిన అలీని. సైన్యంలో చేరనన్నందుకు మూడున్నరేళ్లు ఆటకు దూరమై తిరిగొచ్చాక ఆ కాళ్ల వేగం మళ్లీ కనిపించలేదు. టైసన్ అంటే 1988 జూన్‌లో మైకేల్ స్పింక్స్‌ని 91 సెకన్లలో పడేసిన టైసన్. "అలీ ఇంకో ఛాంపియన్ లారీ హోమ్స్ చేతిలో ఓడాడు, టైసన్ అదే హోమ్స్‌ని నాలుగు రౌండ్లలో పడేశాడు" అని కొందరు లెక్క చెబుతారు. 1980లో హోమ్స్‌తో ఆడినప్పుడు అలీ వయసు 38. 1988లో టైసన్‌తో ఆడినప్పుడు హోమ్స్ వయసూ 38. ఈ లెక్కతో తేలేది ముప్పై ఎనిమిదేళ్ల వయసు గురించే, అలీ టైసన్‌ల గురించి ఏమీ తేలదు.

టైసన్ గురించి తక్కువ చేసి మాట్లాడను. 20 ఏళ్లకే ట్రెవర్ బెర్బిక్‌ని రెండు రౌండ్లలో పడేసి ఛాంపియన్ అయినవాడు. పైగా అలీని జీవితాంతం ఇబ్బంది పెట్టిన దెబ్బ లెఫ్ట్ హుక్, అంటే ఎడమ చేత్తో పక్క నుంచి వంపుగా కొట్టే దెబ్బ. 1963లో లండన్‌లో హెన్రీ కూపర్ దాంతోనే పడేశాడు. 1971లో న్యూయార్క్‌లో జో ఫ్రేజియర్ 15వ రౌండ్లో దాంతోనే పడేశాడు. టైసన్ ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, వంగి తల ఊపుతూ లోపలికి వచ్చి కొట్టేదీ అదే హుక్. ఫ్రేజియర్‌కి వేడెక్కడానికి రెండు మూడు రౌండ్లు పట్టేది. టైసన్‌కి అది కూడా అక్కర్లేదు, గంట మోగగానే మీద పడతాడు. కాబట్టి మొదటి నాలుగు రౌండ్లలో అలీ ఒకసారి కింద పడతాడంటే నేను కాదనను.

కానీ అక్కడి నుంచి ఏమవుతుంది? 1987 మార్చిలో బోన్‌క్రషర్ స్మిత్ టైసన్‌ని పట్టుకుని వేలాడాడు. ఇలా పట్టుకోవడాన్నే క్లించ్ అంటారు. రౌండ్ తర్వాత రౌండ్ క్లించ్, క్లించ్, క్లించ్. టైసన్ గెలిచాడు, కానీ పన్నెండు రౌండ్లూ ఆడాల్సి వచ్చింది. పట్టుకున్నప్పుడు విడిపించుకుని కొట్టే ప్రయత్నం చాలాసార్లు వదిలేశాడు, రిఫరీ వచ్చి విడదీసేదాకా ఆగాడు. అదే ఏడాది ఆగస్టులో టోనీ టకర్‌తోనూ పన్నెండు రౌండ్లు. అంతకుముందు 1986లో జేమ్స్ టిల్లిస్ కాళ్లు కదుపుతూ పది రౌండ్లు నిలబడ్డాడు. ఈ మూడు ఫైట్లలోనూ ట్రైనర్ కెవిన్ రూనీ టైసన్ కార్నర్‌లోనే ఉన్నాడు. 1990లో టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో ఓటమికి "ట్రైనింగ్ లేదు, రూనీ లేడు" అని చెప్పే కారణాన్ని నేను ఒప్పుకుంటాను, అందుకే టోక్యోని సాక్ష్యంగా తీసుకోవడం లేదు. టైసన్ బాగున్న రోజుల్లోనే దారి ఏమిటో టిల్లిస్, స్మిత్, టకర్ చూపించారు.

ఇప్పుడు ఆ ముగ్గురి స్థానంలో 6 అడుగుల 3 అంగుళాల అలీని పెట్టి చూడండి. టిల్లిస్ కన్నా ఎంతో వేగమైన కాళ్లు. మెడ వెనక చెయ్యి వేసి తల కిందికి లాగి పట్టుకోవడంలో హెవీవెయిట్స్‌లో అలీని మించినవాడు లేడు. 1974 జనవరిలో ఫ్రేజియర్‌తో రెండో ఫైట్ పూర్తిగా చూడండి, ఎన్నిసార్లు పట్టుకున్నాడో తెలుస్తుంది. చూడ్డానికి అందంగా ఉండదు. కానీ పొట్టిగా ఉండి మీద పడేవాడి దమ్ము తీసేది అదే.

ఇంకో సంగతి. అలీ కింద పడిన ప్రతిసారీ లేచాడు. బ్యాంక్స్, కూపర్, వెప్నర్ ముగ్గురూ పడేశారు, ముగ్గురి మీదా లేచి గెలిచాడు. ఫ్రేజియర్ పడేసినప్పుడు కూడా లేచి ఫైట్ పూర్తి చేశాకే పాయింట్ల మీద ఓడాడు. కింద పడ్డాక లేచి గెలిచిన ఫైట్ టైసన్‌కి ఒక్కటీ లేదు. 15 రౌండ్లు పెడితే టైసన్‌కి అన్యాయం అంటారని పన్నెండుకే ఒప్పుకుంటున్నా. నా తీర్పు: తొమ్మిది, పది రౌండ్ల దగ్గర రిఫరీ ఆపేస్తాడు, చెయ్యి ఎత్తేది అలీది.

"కంప్యూటర్‌ని అడిగితే టైసనే గెలుస్తాడంది" అనేవాళ్లకి ఒక పాత కథ చెప్పాలి. 1967లో మయామీకి చెందిన మర్రే వోరోనర్ అన్ని తరాల ఛాంపియన్ల మధ్య కంప్యూటర్ టోర్నమెంట్ పెట్టి రేడియోలో ప్రసారం చేశాడు. అందులో అలీ పాతతరం ఛాంపియన్ జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయాడు. అలీ పది లక్షల డాలర్లకి దావా వేశాడు. రాజీ ఎలా కుదిరిందంటే, రిటైరై పదేళ్లు దాటిన మాజీ ఛాంపియన్ రాకీ మార్సియానోతో స్టూడియోలో ఉత్తుత్తి ఫైట్ షూట్ చేశారు. మార్సియానో ఒళ్లు తగ్గించుకుని, విగ్గు పెట్టుకుని వచ్చాడు. 1970 జనవరిలో థియేటర్లలో వేసినప్పుడు అమెరికాలో 13వ రౌండ్లో మార్సియానో నాకౌట్ చేశాడు. యూరప్‌లో చూపించిన ప్రింట్‌లో అలీ గెలిచాడు. మార్సియానో అది చూడలేదు, 1969 ఆగస్టు 31న విమాన ప్రమాదంలో పోయాడు. ఎక్కడి జనానికి నచ్చేది అక్కడ చూపించడమే ఆ రోజు జరిగింది. ఇవాళ గేముల్లో, సిమ్యులేషన్లలో వచ్చే ఫలితాలకి నేను అంతకన్నా విలువ ఇవ్వను.

"ఇప్పటి బాక్సర్లు భారీగా ఉంటారు, పాతవాళ్లు ఆగలేరు" అనే వాదనలో కొంత నిజం ఉంది. 185 పౌండ్ల చుట్టూ ఉండే మార్సియానో ఈ రోజుల్లో క్రూజర్‌వెయిట్, అంటే హెవీవెయిట్‌కి కింది తరగతి. అతన్ని లెనాక్స్ లూయిస్ లాంటి భారీ హెవీవెయిట్ ముందు నిలబెట్టడం నాకు ఇష్టం లేదు, 49-0 రికార్డు ఉన్నా సరే. కానీ అలీ ఎత్తే ఉన్న ఉసిక్, క్రూజర్‌వెయిట్ నుంచి పైకి వచ్చి, 2024లో 6 అడుగుల 9 అంగుళాల టైసన్ ఫ్యూరీని (మైక్ టైసన్ కాదు, వేరే బాక్సర్) రెండుసార్లు ఓడించాడు. కాబట్టి అలీ సైజు గురించి ఇక మాట్లాడకండి.

నిజానికి మైక్ టైసన్‌కి అలీ కన్నా పెద్ద గండం 1973 నాటి జార్జ్ ఫోర్‌మన్. కింగ్‌స్టన్‌లో ఆ జనవరిలో ఫ్రేజియర్‌ని రెండు రౌండ్లలో ఆరుసార్లు పడేశాడు. వంగి లోపలికి వచ్చేవాణ్ణి రెండు చేతులతో వెనక్కి తోసి, దూరం సరిచేసుకుని, కింద నుంచి అప్పర్‌కట్ కొట్టడం అతని పద్ధతి. టైసన్ తల ఫ్రేజియర్ కన్నా వేగంగా కదులుతుంది, ఒప్పుకుంటా. అయినా నేను ఫోర్‌మన్ వైపే, నాలుగో రౌండ్ లోపే. టైసన్ వైపు ఉన్నవాళ్లు ఒక్క పని చేయండి: తనని తోసి నిలబెట్టగలిగినంత బలమైనవాడి మీద టైసన్ వెనకడుగు వేసి కూడా గెలిచిన ఫైట్ ఏదో, ఏ రౌండో రాయండి. ఈ రాత్రే కూర్చుని చూస్తాను.