వాటా వేరు, హక్కు వేరు

ఈ వారంలో ఈ మెసేజ్ నలుగురు పంపారు. చివరికి మా బావ కూడా. "అడవి సర్కారు ఆస్తి. వన సంరక్షణ సమితులు పెట్టి గిరిజనులకు వాటా ఇస్తున్నా హక్కులంటూ గొడవ. పట్టాలిస్తే అమ్ముకుంటారు. అడవి చేతికిస్తే ఎడారి చేస్తారు." కింద మూడు దండాలు, 'పది మందికి పంపండి' అని. ఈ సమితులంటే అటవీ శాఖ కింద ఊరివాళ్లు అడవిని కాపాడి, ఆదాయంలో వాటా తీసుకునే సంఘాలు.

అమ్ముకోవడం కుదరదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(4) ప్రకారం ఆ పట్టా వారసులకు వస్తుందంతే. అయిపోయింది.

ఎడారి అంటారా, అసలు ఊరివాళ్లు కాపాడగలరని తేలాకే ఈ సమితులు పుట్టాయి. 1970ల్లో పశ్చిమ బెంగాల్‌లోని అరబరిలో కలప అమ్మకాల్లో 25 శాతం ఇస్తామంటే జనం కాపలా కాశారు, మోడుబారిన సాల అడవి మళ్లీ లేచింది. ఊరివాళ్లను కలుపుకుని అడవిని కాపాడమని రాష్ట్రాలకు కేంద్రం సర్క్యులర్ వచ్చింది ఆ తర్వాతే, 1990 జూన్‌లో.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. ఆ తేదీకి సాగులో ఉన్న భూమికే పట్టా అని చట్టం పెట్టిన గడువు 2005 డిసెంబరు 13. ఆ తర్వాత కూడా పట్టా ఆశతో కొట్టిన పోడు ఉంది. అడ్డుకునే పని కింది ఉద్యోగి నెత్తిన పడుతుంది. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక అటవీ రేంజ్ ఆఫీసర్‌ను నరికి చంపారు. ఆయన ఇంటివాళ్ల ముందు నిలబడి చట్టం గురించి మాట్లాడే ధైర్యం నాకు లేదు.

ఇక సమితుల వాటా. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఏ చెట్టు ఎప్పుడు కొట్టాలో అటవీ శాఖ చెబుతుంది. ఖర్చులు పోను ఎంత మిగిలిందో శాఖే లెక్క కడుతుంది. నచ్చకపోతే సమితిని రద్దు చేసేదీ శాఖే. దీన్ని భాగస్వామ్యం అంటారా? కూలి మీద బోనస్ అనండి, నేనేమీ అనను.

2006 హక్కుల చట్టం అలా కాదు. వెదురు, తునికాకు లాంటి వాటి మీద ఏకంగా యాజమాన్యమే ఇచ్చింది. కాగితం మీద. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మెంఢా లేఖా ఊరికి 2009లో తమ అడవి మీద సామూహిక హక్కు వచ్చింది. అయినా వెదురు అమ్ముకోనివ్వలేదు, అది 'చెట్టు' అట! తమ పొదలో పెరిగిన గడ, తామే నరికి మోపు కట్టిన గడ, పర్మిట్ లేకుండా రోడ్డెక్కితే దొంగసొత్తు. చివరికి 2011 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రి జైరాం రమేశ్, ముఖ్యమంత్రిని వెంటబెట్టుకుని ఊరికొచ్చి, రవాణా పాసుల పుస్తకం గ్రామసభ చేతిలో పెట్టాల్సి వచ్చింది.

పార్లమెంటు ఇచ్చిన హక్కు రోడ్డు దాటడానికి మంత్రి ఊళ్లోకి రావాలి. మిగతా ఊళ్లకు ఎవరిని పంపుదాం బావా?