కామెర్ల పరిశోధనలో మనం ఎక్కడ ఆగిపోయాం?

హెపటైటిస్-ఇ మీద భారతీయ వైద్యులు వెలువరించిన పరిశోధనను చిన్నచూపు చూడటానికి వీల్లేదు. కలుషిత నీటితో వ్యాపించే ఈ కాలేయ వ్యాధి విడిగా ఒకటుందని తేలడంలో మన రోగుల రక్త నమూనాలదే పెద్ద పాత్ర. అయినా ఆ పత్రాలను వరుసగా చదువుతూ పోతే విసుగొస్తుంది. ఊరు మారుతుంది, సంవత్సరం మారుతుంది, కారణం మాత్రం అదే.

మొదట చెప్పుకోవలసింది ఢిల్లీ గురించి. 1955 నవంబరులో నజఫ్‌గఢ్ కాలువ మురుగు యమునలో ఎగువకు ఎదురుతన్ని, వజీరాబాద్ పంపింగ్ కేంద్రం దగ్గర తాగునీటిలో కలిసింది. అక్కడివారు పటిక, క్లోరిన్ మోతాదు పెంచారు. నగరంలో టైఫాయిడ్ పెరగలేదు కాబట్టి గండం గడిచినట్టే కనిపించింది. డిసెంబరులో మొదలయ్యాయి కామెర్లు. జనవరి ముగిసేసరికి బాధితులు సుమారు 29 వేలు. క్లోరిన్‌కు బ్యాక్టీరియా చచ్చింది, వైరస్ బతికింది. డాక్టర్ విశ్వనాథన్ 1957లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ప్రచురించిన నివేదికలో గర్భిణుల మరణాలు ఎక్కువగా ఉన్న సంగతి కూడా నమోదైంది. వైరస్ పేరైనా తెలియని రోజుల్లో అంత ఓపికగా చేసిన పని అది.

అప్పటి రోగుల రక్తం నుంచి తీసిన సీరం నమూనాలను భద్రపరచడం వల్లనే, ఆ జబ్బు హెపటైటిస్-ఎ గానీ బి గానీ కాదని 1980లో లాన్సెట్ పత్రికలో తేలింది. 1978 నాటి కశ్మీర్ వ్యాప్తిని పరిశీలించిన డాక్టర్ ఖురూ కూడా 1980లోనే అదే మాట చెప్పారు. 1990లో వైరస్ జన్యుక్రమంలో కొంత భాగం చేతికొచ్చింది.

ఆ తర్వాత ఏమైంది? 1991లో కాన్పూర్‌లో దాదాపు 79 వేల మందికి కామెర్లు. 2005లో హైదరాబాద్‌లో 1,611 కేసులు. హైదరాబాద్ అధ్యయనంలో ఒక లెక్క దగ్గర ఆగాలి. నగరం మొత్తం మీద లక్షకు 40 మంది జబ్బు పడితే, మంచినీటి గొట్టాలు మురుగు కాలువలను దాటుకుంటూ వెళ్లే ప్రాంతాల్లో లక్షకు 203 మంది పడ్డారు. దోషి ఎవరో ఇంతకన్నా స్పష్టంగా చూపడం కష్టం. కానీ వైద్య పత్రికను చదివేది వైద్యులు, గొట్టం వేసేది జలమండలి ఇంజినీరు.

టీకా సంగతి ఇంకా చిత్రం. నేపాల్ సైనికులపై ఒక టీకా ప్రయోగం మంచి ఫలితమిచ్చిందని 2007లో వెల్లడైంది. చైనా జియాంగ్సు రాష్ట్రంలో లక్ష మందికి పైగా పరీక్షించి, 2011లో తన టీకాకు అనుమతి ఇచ్చుకుంది. అక్కడ ఎక్కువగా కనిపించింది నాలుగో రకం వైరస్, మన దగ్గర మహమ్మారులు తెచ్చేది ఒకటో రకం. ఈ తేడా దృష్ట్యా, ఆ టీకా ఒకటో రకాన్ని కూడా అడ్డుకుంటుందా అని తేల్చే ప్రయోగానికి తగిన చోటు మన దేశమే. ఆ ప్రశ్న భుజానికెత్తుకుని, గర్భధారణ వయసు స్త్రీలపై మత్లబ్‌లో ప్రయోగం నడిపింది మాత్రం బంగ్లాదేశ్. మూడో త్రైమాసికంలో ఈ జబ్బు సోకిన గర్భిణుల్లో నూటికి 20 నుంచి 25 మంది దాకా మరణించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఢిల్లీ నివేదిక అప్పుడే వేలెత్తి చూపిన విషయమిది.

ఒక ఊళ్లో జబ్బు వ్యాప్తి మీద నివేదికను కొద్ది నెలల్లో, కొద్ది ఖర్చుతో పూర్తి చేయవచ్చు. అధ్యాపక వైద్యుడికి పదోన్నతి కోసం పత్రం కావాలి, అదీ దొరుకుతుంది. ఏళ్ల తరబడి వేలమందిని వెంబడించే అధ్యయనానికి డబ్బు, ఓపిక, ప్రభుత్వ అండ మూడూ కావాలి. తప్పు వైద్యులొక్కరిదే అంటే అన్యాయం.

వైద్య పత్రికల సంపాదకుల చేతిలో ఒక పని ఉంది. కొత్త వ్యాప్తి నివేదిక ఏది వచ్చినా అదే నగరంలో లోగడ వచ్చిన పత్రం చేసిన సిఫారసుల్లో ఎన్ని అమలయ్యాయో, ఏ గొట్టాలు మార్చారో, ఏవి అలాగే ఉన్నాయో రాయనిదే అచ్చు వేయకూడదు. ఆ ఒక్క పట్టిక కోసం రచయిత జలమండలి కార్యాలయం మెట్లెక్కక తప్పదు.