ఇంకో పన్నెండు టర్న్‌లు

మొన్న మన సంఘం శీతాకాల సమావేశంలో యువ విభాగం వాళ్లు సివిలైజేషన్ 6 పోటీ పెట్టారు. ఒక దేశాన్ని తీసుకుని, టర్న్ తర్వాత టర్న్‌గా (వంతులవారీగా) యుగాల పొడుగునా నడిపించే కంప్యూటర్ ఆట అది. దాని గురించి రాయాలా వద్దా అని రెండు వారాలు తటపటాయించాను. పెట్టినవాళ్లంతా మన పిల్లలే. హాలు తెరవగానే వచ్చి, ఎక్స్‌టెన్షన్ వైర్లు లాగి, ఎనిమిది ల్యాప్‌టాపుల్లో ఒకే మ్యాప్ ఎక్కించి, సాయంత్రం దాకా కాళ్ల మీదే నిలబడ్డారు. వాళ్ల కష్టాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ బహుమతులు ఇచ్చేటప్పుడు మైకులో వినబడ్డ ఒక మాట నా మనసులోంచి పోవడం లేదు.

నియమాలు మీలో చాలామందికి తెలుసు. ఒక్కొక్కరు కంప్యూటర్ నడిపే ఐదు నాగరికతలతో తలపడాలి. ఆట వేగంగా సాగే ఆన్‌లైన్ స్పీడ్ పెట్టారు, అంటే మొత్తం ఆట 250 టర్న్‌లు. అంత టైం లేదు కాబట్టి 150 దగ్గర ఆపి, స్కోరు ఎక్కువున్నవాళ్లు గెలిచినట్టు అన్నారు. మధ్యాహ్నం నుంచి నేను ఒకమ్మాయి వెనక కుర్చీలో కూర్చున్నాను. పదిహేనేళ్లుంటాయి. స్వీడన్ రాణి క్రిస్టినాను తీసుకుంది. ఆమెను ఎవరు ఎంచుకున్నా ఏ దారిన పోతున్నారో వెంటనే తెలిసిపోతుంది. అది కల్చర్ విక్టరీ దారి: కళలతో, పార్కులతో విదేశీ పర్యాటకులను రప్పించి గెలవడం. అలా రప్పించే బలానికి ఆటలో పేరు టూరిజం. మామూలుగా ఆర్ట్ మ్యూజియంకి థీమ్ కుదిరి టూరిజం రెట్టింపు కావాలంటే ఒకే రకం కళాఖండాలు మూడు, ముగ్గురు వేర్వేరు కళాకారులవి ఉండాలి. క్రిస్టినాకి ఆ బాధ లేదు, మూడు చోట్లూ నిండితే చాలు, థీమ్ దానంతటదే కుదురుతుంది.

ఆ అమ్మాయి పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుంది. పేజీ మీద పెన్సిల్‌తో ఐదు గళ్లు. ఏ దేశంతో సరిహద్దులు తెరిచి ఉన్నాయి, ఏ దేశానికి తన వర్తకుడు వెళ్తున్నాడు, ఆ ఒప్పందం ఎన్నో టర్న్‌లో అయిపోతుంది అని రాసుకుంటోంది. కొండల పక్కన ఉన్న అడవిని ముప్పై టర్న్‌ల పాటు ముట్టుకోలేదు. కొట్టేస్తే అప్పటికప్పుడు ఒక కట్టడం పూర్తయ్యేది. "ఎందుకు కొట్టలేదు?" అని అడిగితే తల తిప్పకుండానే, "అక్కడ పార్కు వస్తుంది ఆంటీ" అంది. నిజంగానే వచ్చింది. కూడబెట్టిన ఫెయిత్‌తో (మతం వల్ల వచ్చే పాయింట్లు) పార్కులు ఏర్పాటుచేసే నేచురలిస్టును కొని, డైమండ్ ఆకారంలో నాలుగు గడులు కలిపి నేషనల్ పార్కు చేసింది. ముప్పై టర్న్‌ల ముందే కంటికి కనబడితే తప్ప అది ఎవరికీ రాదు.

150వ టర్న్‌లో ఆట ఆపారు. అప్పటికి ఆమె దగ్గరికి వచ్చే విదేశీ పర్యాటకులు 58. కల్చర్‌లో అందరికన్నా ముందున్న రష్యాకు సొంత పర్యాటకులు, అంటే తమ దేశంలోనే తిరిగేవాళ్లు, 66. ఆమె అంకె ఆ 66ను దాటితే కల్చర్ విక్టరీ ఆమెదే. స్కోరులో ఆమెది ఐదో స్థానం. పొరుగున ఉన్న మూడు దేశాలను ఆక్రమించిన అబ్బాయికి మొదటి బహుమతి వచ్చింది. బాగా ఆడాడు, అందులో వంక పెట్టడానికేం లేదు. ఆ తర్వాత వేదిక మీదున్న పెద్దాయన ఒకరు మైకు తీసుకుని, ఈ అమ్మాయి వైపు చూసి, "మ్యూజియంలు కట్టుకుంటూ కూర్చుంటే రాజ్యాలు గెలుస్తామా అమ్మా!" అన్నారు. హాలంతా నవ్వింది. అమ్మాయి కూడా నవ్వింది, నవ్వుతూనే ల్యాప్‌టాప్ మూసేసింది.

అసలు ఆ స్కోరు ఎలా వస్తుందో ఒకసారి చూడండి. నగరాలు, జనాభా, ప్రపంచ వింతల్లాంటి కట్టడాలు, తెచ్చుకున్న గొప్పవాళ్లు, నేర్చుకున్న విద్యలు, ఇవన్నీ అందులో లెక్కకొస్తాయి. టూరిజంకి మాత్రం ఒక్క పాయింటు కూడా లేదు. కల్చర్ విక్టరీ కోసం ఆడేవాళ్లు పోగేసేదంతా టూరిజమే. కాబట్టి స్కోరుతో తేల్చడం అంటే ఆ దారిని మొదట్లోనే మూసేయడం. ఆ సంగతి ముందే చెప్పి ఉంటే ఆ అమ్మాయి వేరే దేశాన్ని తీసుకుని ఉండేదేమో. ఎవరూ చెప్పలేదు. పెట్టినవాళ్లకు కూడా తట్టి ఉండదు.

ఈ సిరీస్‌ను నేను చాలా ఏళ్లుగా ఆడుతున్నాను. 1991లో వచ్చిన మొదటి ఆటలో కల్చర్ అన్నదే లేదు. అందరినీ ఓడించాలి, లేదా అంతరిక్షనౌక పంపాలి. 2001లో మూడో ఆటతో కల్చర్ వచ్చింది. ఒక్క నగరంలో 20,000 పాయింట్లు కూడితే గెలుపే. 2005 నాటి నాలుగో ఆటలో మూడు నగరాలు కావాలి, మామూలు స్పీడ్‌లో ఒక్కోటి 50,000 దాటాలి. ఐదో ఆట మొదట వచ్చినప్పుడు ఐదు పాలసీ చెట్లు (కల్చర్‌తో కొనుక్కునే విధానాల వరుసలు) పూర్తిచేసి, యుటోపియా ప్రాజెక్టు కట్టాల్సి వచ్చేది. ఇవన్నీ ఒక రకం. తలుపులు వేసుకుని, మన ఇంట్లో మనం కూడబెట్టుకుంటే గెలుస్తాం. బయటివాడు మన వైపు చూశాడా లేదా అన్నది లెక్కలోకి రాదు.

2013లో ఐదో ఆటకు బ్రేవ్ న్యూ వరల్డ్ అనే అదనపు భాగం వచ్చాక లెక్క తిరగబడింది. నీ టూరిజం ఎదుటివాడు తన చరిత్ర మొత్తంలో కూడబెట్టుకున్న కల్చర్‌ను దాటాలి, అదీ ప్రతి ఒక్కరి మీదా. ఆరో ఆట అదే దారిలో ఇంకో అడుగు వేసింది. జీవితకాలపు కల్చర్ ప్రతి వందకి ఒక సొంత పర్యాటకుడు. విదేశీ పర్యాటకుడు మాత్రం చాలా ఖరీదు: ఆట మొదట్లో ఎన్ని నాగరికతలు ఉంటే దాన్ని 200తో గుణించాలి. ఆరుగురితో ఆడితే ఒక్క మనిషి మన గడప తొక్కడానికి 1,200 టూరిజం. మన దగ్గరికి వచ్చినవాళ్ల సంఖ్య మిగిలిన ప్రతి దేశపు సొంతవాళ్ల సంఖ్యను దాటాలి. మనకి సొంత పర్యాటకులు ఎంతమంది ఉన్నా, దానివల్ల ఇంకొకరు గెలవకుండా ఆపగలమే తప్ప మనం గెలవం.

ఈ లెక్క మొదటిసారి అర్థమైనప్పుడు నాకు మన సభలే గుర్తొచ్చాయి. ప్రతిసారీ వేదిక మీద సంస్కృతిని కాపాడుకోవాలని మాట్లాడతాం. కుర్చీలు నిండితే సంతోషిస్తాం. ఆ కుర్చీల్లో ఉన్నది మనమే, ప్రతి ఏడూ ఆ ముఖాలే. ఆ సంతోషం నాకూ కావాలి, నేను ఏ సభా మానను. కానీ మనం లెక్కపెట్టుకుంటున్నది సొంత పర్యాటకులను.

టూరిజం పెంచే దారుల్లో ఏది మెరుగు అంటే, అన్నీ ఆడి చూశాను. పవిత్ర వస్తువుల దారి అన్నిటికన్నా ముందుగా ఫలిస్తుంది. ఒక్కో రెలిక్‌కి (పవిత్ర వస్తువుకి) 8 టూరిజం, మాంట్ సెయింట్ మిషెల్ అనే వింత కట్టుకుంటే అపోస్తలులు (మతబోధకులు) మతపోరులో చనిపోయినప్పుడల్లా రెలిక్‌లు వస్తూనే ఉంటాయి. కానీ పక్క దేశాలు ఎన్‌లైటెన్‌మెంట్ అనే సివిక్ (సాంఘిక విద్య) నేర్చుకున్న రోజు నుంచి ఆ రాబడి పడిపోతుంది. సముద్రతీర రిసార్టులు మంచివే, తీరం బాగుంటేనే. పరాయి దేశంలో కచేరీలు చేసి టూరిజం తెచ్చే రాక్ బ్యాండ్‌లు చివర్లో ఊపు ఇస్తాయి. అయితే ఒక్కో బ్యాండ్ ఒకటి రెండు కచేరీలకే విడిపోవచ్చు, కొనేకొద్దీ ధర పెరుగుతుంది, ఎదుటివాడు మ్యూజిక్ సెన్సార్‌షిప్ అనే పాలసీ పెడితే సరిహద్దు కూడా దాటలేవు. రచనలు, చిత్రాలు, పార్కులు మాత్రం నెమ్మదిగా, ఆగకుండా పనిచేస్తాయి. నా ఓటు వాటికే.

అయితే వీటన్నిటికన్నా నాకు గట్టిగా తగిలిన పాఠం వేరే ఉంది. ఒక చలికాలం ఫ్రాన్స్‌ను తీసుకుని ఆడాను. ఫ్రాన్స్‌కి వింత కట్టడాల నుంచి టూరిజం రెట్టింపు వస్తుంది. ఏడు వింతలు కట్టాను, నాలుగు మ్యూజియంలు నింపాను. అందరినీ దాటాను, ఒక్క గ్రీసు తప్ప. గ్రీసు నాయకుడు పెరిక్లీజ్ సొంత పర్యాటకులు నా దగ్గరికి వచ్చేవాళ్ల కన్నా ఎప్పుడూ ఐదారుగురు ఎక్కువే. నేను ఒక మ్యూజియం కడితే అతను ఒక థియేటర్ కడతాడు. నాలుగు రాత్రులు అలాగే గడిచాయి. ఇంట్లో అందరూ పడుకున్నాక దీపం తగ్గించుకుని కూర్చునేదాన్ని, ఆ రెండు అంకెలే చూస్తూ. నా దగ్గర ఇంకా ఏం లేదు, ఇంకా ఏం కట్టాలి అనే ఆలోచన తప్ప వేరే లేదు.

ఐదో రాత్రి కట్టడానికి ఏమీ మిగలక, ఊరికే గ్రీసు పేరు మీద మౌస్ పెట్టాను. ఎంత టూరిజం వెళ్తోందో, అందులో ఏమేం కలుస్తున్నాయో అక్కడ కనబడుతుంది. కలవాల్సినవి ఒక్కటీ లేవు. సరిహద్దులు మూసి ఉన్నాయి. ఎప్పుడో ఆట మొదట్లో అతని సైనికులు నా పొలాల మధ్యన తిరుగుతుంటే చిరాకేసి ఒప్పందం వద్దన్నాను, ఆ తర్వాత ప్రతిసారీ అడిగితే వద్దంటూనే వచ్చాను. ఉన్న వర్తకులందరినీ నా నగరాల మధ్యనే తిప్పుకుంటున్నాను, ఇల్లు బాగుండాలని. సరిహద్దులు తెరిస్తే ఆ దేశం మీద టూరిజం పాతిక శాతం పెరుగుతుంది. ఒక వర్తకుడు వెళ్తే ఇంకో పాతిక. ఆన్‌లైన్ కమ్యూనిటీస్ అనే పాలసీ కార్డు పెడితే, వర్తకం ఉన్న దేశం మీద మరో యాభై. కొత్తగా ఒక్క ఇటుక పేర్చనక్కర్లేదు. ఆ రాత్రే మూడూ చేశాను. పద్నాలుగు టర్న్‌లలో ఆట గెలిచాను. గెలిచిన సంతోషం కన్నా, ఆ నాలుగు రాత్రులు తలుపు గడియ పెట్టుకుని అతిథి రాలేదేమని బాధపడ్డానే అన్న దిగులే ఎక్కువగా ఉండిపోయింది.

ఆ అమ్మాయి నోట్‌బుక్‌లో మొదటి గడి సరిహద్దులదే. నాకు నాలుగు రాత్రులు పట్టింది ఆమెకు మొదటి నుంచే తెలుసు.

యుద్ధం చేసి గెలిచే పిల్లల మాట కూడా వినాలి, విన్నాను. యుద్ధం తేలిక కాదు. సైన్యాన్ని ఎక్కడ ఆపాలి, ఏ నగరాన్ని ముందు ముట్టడించాలి, పట్టుకున్న జనాన్ని ఎలా నిలుపుకోవాలి అన్నదంతా పెద్ద విద్యే. కల్చర్ ఆటగాళ్లకు సైన్యం అక్కర్లేదనుకోవడం కూడా తప్పే. నాలుగో ఆటలో నా మూడు నగరాల్లో రెండు 50,000 దాటేశాయి, మూడోది 49,000 మీదుంది. ఆ నగరానికి కాపలా ఇద్దరు పాత విలుకాళ్లు. పొరుగువాడు ఒక్క టర్న్‌లో పట్టుకుపోయాడు. ఆ రోజు తిట్టుకోవాల్సింది నన్ను నేనే. పైగా నియమం అందరికీ ఒక్కటే, టైం అయిపోతే ఎక్కడో ఒకచోట ఆపాలి. హాలు ఖాళీ చేయాల్సిన టెన్షన్ నాకూ తెలుసు. ఇదంతా ఒప్పుకుంటాను.

ఒప్పుకున్నా, కార్యవర్గాన్ని చేతులు జోడించి అడుగుతున్నాను. వచ్చే పోటీలో ఆటను సగంలో ఆపకండి. ఒక్క రోజు చాలకపోతే సేవ్ ఫైళ్లు దాచి, పిల్లల్ని తర్వాతి వారం మళ్లీ పిలవండి. అదీ కుదరకపోతే, ఆపిన చోట ఎవరు ఏ విజయానికి ఎంత దగ్గరగా ఉన్నారో చూసి తేల్చండి, ఆ అంకెలు అక్కడే కనబడతాయి. మనది సాంస్కృతిక సంఘం. మన హాల్లో, మన బ్యానర్ కింద, కల్చర్‌తో గెలవబోయిన పిల్లను చూసి మనం నవ్వామంటే నాకు నిద్ర పట్టడం లేదు. ఆ రోజు మైకు పట్టుకున్న పెద్దాయన మనసు మంచిది, నేనెరుగుదును. ఆమెకు ఒక్క ఫోన్ చేయమని వారిని అడుగుతున్నాను.

ఆ సాయంత్రం కుర్చీలు సర్దుతున్నప్పుడు, సేవ్ ఫైల్ ఉంచుకుందా అని ఆ అమ్మాయిని అడిగాను. ఉందంది. ఆట ఆపేటప్పటికి కోల్డ్ వార్ సివిక్‌కి ఆమె నాలుగు టర్న్‌ల దూరంలో ఉంది, రాక్ బ్యాండ్‌లు వచ్చేది దానితోనే. వాటి కోసమే ఫెయిత్ ఖర్చు పెట్టకుండా పక్కన పెట్టుకుంది. వారం తర్వాత వాళ్లమ్మ ఫోన్ నుంచి నాకో ఫోటో వచ్చింది. తెర మీద సాంస్కృతిక విజయం, పైన మూలన టర్న్ 162. కింద మెసేజ్: "రష్యాకి మూడు బ్యాండ్‌లు పంపాను ఆంటీ. ఒకటి మొదటి కచేరీకే విడిపోయింది."