నానమ్మ ముందా, అమ్మమ్మ ముందా?

వచ్చే ఆదివారం మా అత్తమ్మ సంవత్సరీకం. మా నల్లగొండలో పెళ్లికైనా చావుకైనా ఫ్లెక్సీ కట్టకపోతే చుట్టాలు ‘ఇల్లు దొరకలేదు’ అంటారు. అందుకని ఫ్లెక్సీ మీద ఏం రాయాలో తేల్చడానికి మా వదిన సూర్యాపేటలో మొదటి బస్సెక్కి వచ్చింది. అక్కాతమ్ముళ్లిద్దరికీ కలిపి నూట పాతికేళ్లు పైనే. వంటింట్లో పచ్చిపులుసుకు చింతపండు పిసుకుతూ నేను విన్నది విన్నట్టు రాస్తున్నా.

వదిన: పైన ‘శ్రద్దాంజలి’ అని పెద్ద అక్షరాలు బాగానే ఉన్నాయి. కింద ఏందిరా ఇది? జననం 1-7-1940?

మా ఆయన: సర్వీసు రిజిస్టరులో అదే ఉందక్కా.

వదిన: అమ్మను రిజిస్టరు కన్నదా? ‘1948లో పోలీస్ యాక్షన్ అయినప్పుడు నాకు పదేళ్లు’ అని తను ఎన్నిసార్లు చెప్పలేదు?

మా ఆయన: మరి 1940 ఎక్కడి నుంచి వచ్చింది?

వదిన: బడిలో వేసేటప్పుడు చెయ్యి నెత్తి మీదుగా తిప్పి అవతలి చెవి పట్టుకోమనేవాళ్లు కదా. అందితే ఐదేళ్లు నిండినట్టు. అమ్మకు రెండేళ్లు వరసగా అందలేదట. అమ్మమ్మ నడినెత్తిన ఇంత కొప్పు పెట్టి పంపేది. దాన్ని దాటుకుని చెయ్యి చెవి దాకా ఎట్లా వస్తుంది?

మా ఆయన: ఆ కొప్పు పుణ్యాన రెండేళ్ల జీతం ఎక్కువొచ్చింది. దానికీ ఒక దండ వేద్దాం.

వదిన: నీ ఎకసెక్కాలు ఆపు. ‘ప్రియమైన నానమ్మ, అమ్మమ్మ’ అని రాశావు. నానమ్మ ముందెందుకు?

మా ఆయన: ఇల్లు నాది, ఫ్లెక్సీ పైసలు నావి.

వదిన: మొదటి మనవరాలు నా బిడ్డ. అది పుట్టినప్పుడు నీకింకా పెళ్లిచూపులు కూడా కాలేదు.

మా ఆయన: ముందు పుడితే సరిపోతుందా? నా కొడుకును పెంచిందంతా అమ్మే.

(ఇక్కడ నేను దగ్గాను. పెంచింది ఎవరో నాకూ కొంచెం గుర్తుంది.)

మా ఆయన: అంటే... చదువు వరకు. సాగర్‌లో గేట్లెత్తారంటే చాలు, పిల్లలందరినీ బస్సెక్కించేది.

వదిన: 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు, గేట్లు 26. బస్సు దిగకముందే అప్పజెప్పాలి.

మా ఆయన: అప్పజెప్పినా ఊరుకునేదా? అక్కడికి పోయాక మళ్లీ లెక్కపెట్టించేది. మావాడు ఒకసారి ఇరవై ఐదే అన్నాడు.

వదిన: వాడు గేట్లెక్కడ చూశాడు, మక్కకంకి చూశాడు.

మా ఆయన: దానికి మళ్లీ వెనక్కి నడిపించి, మొదటి గేటు నుంచి లెక్కపెట్టించింది. ఆఖరి బస్సు పోయింది. రాత్రి హిల్ కాలనీలో ఎవరో పాత శిష్యుడి ఇంట్లో పడుకుని వచ్చారు.

వదిన: నాకు తెలియదా? నా బిడ్డా ఉంది ఆ గుంపులో. ‘చచ్చినా ఇంక డ్యాము మొహం చూడను’ అని ఏడ్చింది. ఇప్పుడది ఇరిగేషన్‌లోనే ఇంజనీరు.

మా ఆయన: మరి సెలవులకు పిల్లలు దిగగానే ‘ఏవీ, పళ్లు చూపించు’ అనేది. ముద్దు ఆ తర్వాతే.

వదిన: బోరునీళ్లలో ఫ్లోరైడు భయం. బడి కుండలో కూడా పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి నీళ్లు తేర్చేది కదా.

మా ఆయన: నల్లగొండ టెక్నిక్. ప్రపంచంలో మన ఊరి పేరు దేనికి పెట్టారయ్యా అంటే దీనికి!

వదిన: పిల్లల పళ్లంటే సరే. మాది మర్రిగూడ సంబంధమని పెళ్లిచూపుల్లో మీ బావ పళ్లు కూడా చూసింది. ఆయన ఇప్పటికీ ఈ ఇంటికొస్తే నోరు తెరవడు.

మా ఆయన: నువ్వు తెరవనిస్తేగా!

(వదిన ఉత్తప్పుడైతే దీనికి గంటసేపు సమాధానం చెప్పేది. ఇవాళ ఎందుకో వదిలేసింది.)

వదిన: అత్తగారింటి నుంచి నేను రాసిన మొదటి ఉత్తరం గుర్తుందా? ఏడుస్తూ రాశాను. వారానికి నా ఉత్తరమే నాకు తిరిగొచ్చింది. ఎర్ర సిరాతో తొమ్మిది తప్పులు దిద్ది, కింద ‘విషయం అర్థమైంది. దస్తూరి మెరుగుపడాలి’ అని.

మా ఆయన: ఉత్తరం వెనకే తనూ వచ్చింది కదా, సకినాల డబ్బాతో.

వదిన: వచ్చింది. మా అత్తను లోపలికి తీసుకుపోయి తలుపేసుకుంది. ఏం మాట్లాడిందో ఈనాటికీ తెలియదు. అప్పటి నుంచి మా అత్త నాకు ముందు వడ్డించి తర్వాత తను తినేది.

(కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. నేను పులుసులో ఉప్పు రెండుసార్లు వేశాను.)

వదిన: సరే గానీ, ఫ్లెక్సీ పన్నెండడుగులు ఎందుకురా? వచ్చేది నలభై మంది. చారాణా కోడికి బారాణా మసాలా!

మా ఆయన: ఇప్పుడెట్లా తగ్గిస్తాం? పొద్దున్నే పంపించేశా.

వదిన: పంపించేసి నన్నెందుకు రమ్మన్నావు?

ఇంతలో ఫోన్ మోగింది. ఫ్లెక్సీ షాపు అబ్బాయి. అబ్బాయి అంటే నలభై దాటినవాడే, అత్తమ్మ దగ్గరే అక్షరాలు దిద్దాడు. మా ఆయన ‘ఆ... ఆ...’ అంటూ విని పెట్టేశాడు.

మా ఆయన: పైసలు వద్దంటున్నాడు. మనం పంపిన దాంట్లో ఒత్తు తప్పట. శ్రద్ధాంజలిలో ‘ద’ కింద ‘ధ’ ఒత్తు రావాలట. ‘టీచరమ్మ ఫోటో పక్కన తప్పు అచ్చు వేయాలంటే చెయ్యి వణికింది సార్’ అంటున్నాడు. తనే దిద్దుకున్నాడు.

వదిన: అయ్యో, నేనూ చూశానురా. బాగుందని కూడా అన్నాను.

మా ఆయన: ఇంకోటి. నానమ్మ, అమ్మమ్మ రెండూ ఒక లైన్లో పట్టలేదట.

వదిన: ఏది తీసేశాడు?

మా ఆయన: రెండూ. ‘మా పంతులమ్మ’ అని పెట్టాడట.

వదిన: ‘మా’ అంటే? ఎవరికి ‘మా’? ఫోను ఇటియ్యి!