సీసీల లెక్క, సెంటీమీటర్ల గొడవ

రొమ్ము ఇంప్లాంట్లు వేయించుకున్నాక చర్మం మీద ముడతలు తేలుతున్నాయని, చెయ్యి పెడితే మడతలు తగులుతున్నాయని కొందరు ఫిర్యాదు చేస్తున్నారు. దీన్ని రిప్లింగ్ అంటారు. ఫిర్యాదుదారులకు బొత్తిగా కృతజ్ఞత లేదని ముందుగా మనవి చేసుకుంటున్నాను. క్లినిక్ వారు 350 సీసీ ఇస్తామన్నారు, 350 ఇచ్చారు. ఒక్క సీసీ కోత పెట్టలేదు. పైన కప్పడానికి ఒంట్లో ఏముందో చూస్తామని ప్యాకేజీలో ఎక్కడైనా రాశారా?

తగువంతా ఆ పైకప్పు దగ్గరే. ఇంప్లాంట్ అంటే పల్చటి సిలికాన్ తొడుగు, లోపల సెలైన్ నీళ్లో జెల్లో. మనిషి నిలబడితే లోపలి సరుకు కిందికి దిగుతుంది, పైభాగాన తొడుగు ముడుచుకుంటుంది. ఈ గుణం ఇంచుమించు ప్రతి ఇంప్లాంటుకూ ఉన్నదే. పైన కొవ్వు, గ్రంథి, కండరం దళసరిగా ఉంటే ఆ ముడత లోపలే ఉండిపోతుంది. లేదంటే బయటపడుతుంది. ఎంత దళసరి ఉందో తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. రొమ్ము పైభాగాన్ని బొటనవేలు, చూపుడువేలి మధ్య పట్టుకుని ఆ మడతను కాలిపర్‌తో కొలిస్తే చాలు. పించ్ టెస్ట్ అంటారు. 2 సెంటీమీటర్ల కన్నా తక్కువ వస్తే ఇంప్లాంటును గ్రంథి కింద కాకుండా ఛాతీ కండరం కింద పెట్టాలని సర్జన్లు సాధారణంగా పాటించే లెక్క. ఇంకో కొలత రొమ్ము అడుగుభాగం వెడల్పు. ఇంప్లాంట్ దానికన్నా వెడల్పైతే అంచులు పక్కలకు పొడుచుకొస్తాయి.

అయితే ఈ కొలతలు చెబితే బేరం పాడవుతుంది. అందుకే మర్యాదస్తులైన కౌన్సెలర్లు ఆ ఊసెత్తరు. కంప్యూటర్ తెర మీద త్రీడీ బొమ్మ తిప్పి అరచేతిలో వైకుంఠం చూపిస్తారు. ఆ బొమ్మకు చర్మం పల్చబడదు, బరువు తగ్గదు, కాన్పు కాదు. ఆపరేషన్‌కు ముందు, తర్వాత అని ఆల్బమ్ కూడా ఉంటుంది. అందులో అందరూ నిటారుగా నిలబడే ఉంటారు. రిప్లింగ్ బాగా కనిపించేది ముందుకు వంగినప్పుడు. ముగ్గు వేయాలన్నా, కుచ్చిళ్లు సర్దుకోవాలన్నా, కిందపడ్డ తాళంచెవి తీయాలన్నా వంగక తప్పదు. కానీ ఫొటోలో ఎవరూ వంగరు. జీవితాన్ని ఫొటోలాగా నిటారుగా గడపని పేషెంట్ల క్రమశిక్షణారాహిత్యానికి సర్జన్ ఏం చేస్తాడు?

ముడతలు ఖాయంగా కావాలనుకునేవారికి శాస్త్రం స్పష్టమైన దారి చూపిస్తోంది. మనిషి సన్నగా ఉండాలి. సెలైన్ ఇంప్లాంట్ ఎంచుకోవాలి, అదీ గరుకు తొడుగుది. గరుకు తొడుగు చుట్టూ ఉన్న కణజాలానికి అతుక్కుని, కదిలినప్పుడల్లా చర్మాన్ని లోపలికి లాగుతుంది. దాన్ని గ్రంథి కింద పెట్టించుకోవాలి. సైజు మాత్రం దండిగా ఉండాలి, ఎందుకంటే పెద్ద ఇంప్లాంట్ ఏళ్ల తరబడి నొక్కి నొక్కి పైనున్న కాస్త కప్పునూ అరగదీస్తుంది. చివరగా, కంపెనీ చెప్పిన దానికన్నా తక్కువ నీళ్లు నింపించుకోవాలి. 300 సీసీ తొడుగులో 270 పోస్తే మిగిలిన తొడుగు ఎక్కడికి పోతుంది, మడతపడుతుంది. అలాగని కంపెనీ పరిమితి దాటి పోయించినా బాధ లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, బంతిలా గట్టిపడి, అంచుల చుట్టూ కొత్త వంకీలు తిరుగుతాయి.

కండరం కింద పెట్టించుకున్నవారు నిశ్చింతగా ఉన్నామనుకుంటారు. కానీ ఛాతీ కండరం ఇంప్లాంట్ పై సగాన్నే కప్పుతుంది. కింద, బయటి పక్కన చర్మం, కాస్త గ్రంథి, అంతే. చెయ్యి పెడితే మడత తగిలేదీ ఎక్కువగా అక్కడే. పైగా బరువెత్తినప్పుడు కండరం బిగిస్తే ఇంప్లాంట్ కూడా కదులుతుంది. అది వేరే ఫిర్యాదు, దానికి వేరే ఫైలు.

అడిగింది ఒకటి, దొరికింది ఒకటి అని వాపోయేవారు చరిత్ర చదవాలి. 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో టిమ్మీ జీన్ లిండ్సే అనే ఆమె పచ్చబొట్లు తీయించుకుందామని ఆసుపత్రికి వెళ్లింది. థామస్ క్రోనిన్, ఫ్రాంక్ గెరో అనే సర్జన్లు ఆమెకు సిలికాన్ ఇంప్లాంట్లు పెడతామన్నారు. తనకైతే చెవులు సరిచేయించుకోవాలని ఉందంది. సరే, అవీ చేస్తామన్నారు. ప్రపంచంలో మొదటి సిలికాన్ రొమ్ము ఇంప్లాంట్ అలా జరిగింది. కాంబో ప్యాకేజీ మన క్లినిక్‌ల సొంత తెలివి అనుకోవడం పొరపాటు.

ఇక చికిత్స. సెలైన్ తీసి బాగా చిక్కటి జెల్ ఉన్నది పెట్టించుకోవచ్చు. ముడత తగ్గుతుంది, కాస్త గట్టిగా అనిపిస్తుంది. గ్రంథి కింది నుంచి కండరం కిందికి మార్చవచ్చు. ఇంకా చిన్న సైజుకు దిగవచ్చు, అదే మొదటిసారే చెప్పి ఉంటే అనకండి. కణాలు తొలగించిన చర్మపు పొరను లోపల కుట్టించవచ్చు, ధర విని కూర్చోవాలి. అన్నింటికన్నా అందమైనది ఫ్యాట్ గ్రాఫ్టింగ్. పొట్టలోనో తొడలోనో కొవ్వు లాగి, శుద్ధి చేసి, ముడతల మీద సన్నటి చారలుగా ఎక్కిస్తారు. అందులో కొంత ఒంట్లో కరిగిపోతుంది కాబట్టి రెండో విడత పడవచ్చు. మనిషికి కొవ్వు లేకనే ముడతలు తేలాయి, ఆ ముడతలు మాన్పడానికి అదే మనిషి కొవ్వు కావాలి. ఈ తిరకాసు కనిపెట్టిన ప్రకృతికి ఏ క్లినిక్‌లోనైనా గౌరవ సలహాదారు పదవి ఇవ్వాలి. మసాజ్‌తో పోతుందని చెప్పేవారూ ఉన్నారు. మడత తొడుగులో ఉంటే నూనె చర్మానికి రాస్తారు.

మామూలు రిప్లింగ్ ఆరోగ్యానికి ముప్పు కాదు, ఆ మాటలో వ్యంగ్యం లేదు. కానీ సెలైన్ ఇంప్లాంట్ ఉండి, ఒకవైపే ఉన్నట్టుండి ముడతలు వచ్చి సైజు తగ్గుతుంటే అది లీకు. జెల్ తొడుగు చిరిగితే చాలాసార్లు బయటికి తెలియనే తెలియదు. అందుకే జెల్ ఇంప్లాంట్ పెట్టించుకున్న అయిదారేళ్లకు మొదటిసారి, ఆపైన రెండు మూడేళ్లకొకసారి ఎంఆర్ఐ లేదా అల్ట్రాసౌండ్ చేయించమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతోంది. ఏళ్ల తర్వాత ఒకవైపు ఒక్కసారిగా ఉబ్బితే ఇంకా ఆలస్యం చేయకూడదు. అది ఒక అరుదైన లింఫోమాకు, అంటే రోగనిరోధక కణాల క్యాన్సర్‌కు, సూచన కావచ్చు. ఆ లింఫోమాతో ముడిపడిందనే కారణంతోనే ఒక కంపెనీ గరుకు తొడుగు ఇంప్లాంట్లను 2019లో ప్రపంచమంతటా వెనక్కి పిలిచింది.

వారంటీ కార్డును ఎవరూ వెనక్కి తిప్పి చూడరు. తొడుగు చిరిగితే కొత్త ఇంప్లాంట్ ఇస్తామని ఉంటుంది. ముడతలకు సాధారణంగా వారంటీ వర్తించదు. అయినా కంపెనీ వారికి దయ లేదనలేం. ఒకే చోట మడతపడుతూ ఉంటే తొడుగు అరిగి, ఏదో ఒకరోజు అక్కడే చిరుగుతుంది. అప్పుడు కార్డు పట్టుకుని రావచ్చు.